పంచాంగం చూసి ప్రయాణం

ప్రయాణానికి పంచాంగం చూడడమంటే మా యింట్లో అందరికంటే ముందు నవ్వేవాణ్ణి నేనే. వర్జ్యం సంగతి రైలుకు తెలుసునా, వారశూల సంగతి బస్సుకు తెలుసునా అని మా ఆవిడను ఆటపట్టించేవాణ్ణి. అటువంటివాణ్ణి మొన్న మాఘమాసంలో తిథి చూసుకుని మరీ సెలవు పెట్టాను. ఆ కథ చెబుతాను, వినండి.

ఈసారి గుళ్ళూ వద్దు, బంధువుల ఇళ్ళూ వద్దు, చెట్లూ పిట్టలూ సముద్రమూ చూపించమని పిల్లలు పట్టుబట్టారు. కేరళ అన్నాడు పెద్దవాడు. అండమాన్ అంది చిన్నది. నేను జేబు తడుముకుని, "మన గుంటూరుకు దగ్గరలోనే సముద్రపు నీళ్ళు తాగి బతికే అడవి ఉంది, తెలుసునా?" అన్నాను. ఉప్పునీళ్ళలో అడవేమిటని ఇద్దరూ తెల్లబోయారు. నా పని సులువైంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక బల్లమీద పటం పరిచి, ఎర్ర పెన్సిలు పుచ్చుకున్నాను. కారులో రెండు రోజుల ప్రయాణం. మొదటి మజిలీ ఉప్పలపాడు. ఆ ఊరి చెరువులోని చెట్లనిండా చలికాలంలో గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కట్టి పిల్లల్ని సాకుతుంటాయి. అక్కడినుంచి మూడు కాలువల తెనాలి. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయినప్పటినుంచీ కృష్ణమ్మ నీళ్ళు ఈ సీమనంతా మాగాణి చేశాయి. సంక్రాంతి వెళ్ళాక వరి కోసిన మళ్ళల్లోనే మినుము పచ్చగా పరుచుకుని ఉంటుంది. దారిలో భట్టిప్రోలు. 1892లో బుద్ధ ధాతువుల పేటికలు బయటపడిన స్తూపం అక్కడిదే. "రాళ్ళు వద్దన్నాంగా!" అని చిన్నది అడ్డుపడితే, పది నిమిషాలకు మాత్రం అనుమతి సంపాదించాను. రాత్రికి రేపల్లెలో బస. తెనాలి నుంచి వచ్చే రైలుపట్టాలు అక్కడితో సరి. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నిజాంపట్నం, మధ్యాహ్నం బాపట్ల, సాయంత్రం సూర్యలంక.

నిజాంపట్నమంటే ఇప్పుడు చేపల రేవు. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. కాని దాని పాత పేరు ఒకప్పుడు ఐరోపా వర్తకుల నోళ్ళలో నానింది. పెటపోలి అనేవారు వాళ్ళు. 1606లో డచ్చివారు అక్కడ వర్తకస్థానం పెట్టుకున్నారు. 1611లో గ్లోబు అనే ఓడలో ఇంగ్లీషువారు దిగారు. వాళ్ళు వెతికినది ఈ తీరపు అద్దకం బట్టలను. ఆ బట్టల ఎరుపు చిరివేరు అనే చిన్న మొక్క వేళ్ళలోనిది. ఒక వేరుకోసం సముద్రాలు దాటి వచ్చారంటే పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు.

శనివారం బయల్దేరడం, ఆదివారం నిజాంపట్నం అని కాగితం మీద రాశాను. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో కూడా రాసి, నా తెలివికి నేనే మురిసిపోతున్నాను.

"ఆదివారమేమిట్రా? మాఘపౌర్ణమి కదూ?" అని మూలనుంచి ఒక గొంతు వినిపించింది.

మా మేనత్త. మంచంమీద తమలపాకు ఈనెలు తీసుకుంటూ కూర్చుంది.

"అయితే ఏమత్తయ్యా?"

"పౌర్ణమినాడు పొద్దున తొమ్మిదింటికి పోటు నిండుగా ఉంటుంది. మడలో ఏం చూస్తారు, ఆకుల కొసలా? పైగా ఆ రోజు సముద్రస్నానాలకు సూర్యలంక నిండా జనం. మనుషుల్ని చూడ్డానికైతే వెళ్ళండి."

"మరెప్పుడు వెళ్ళమంటావు?"

"బహుళ అష్టమినాడు వెళ్ళు. ఆ వేళకు నీళ్ళు దిగి ఉంటాయి. పోటు కూడా మెత్తగా ఉంటుంది."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. పోటు రోజురోజుకూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. సూర్యచంద్రులు ఒకే వరుసలో నిలిచి సముద్రాన్ని లాగే అమావాస్యకూ పౌర్ణమికీ పోటు హెచ్చు. అష్టములకు తగ్గు. వారం గడిచేసరికి పొద్దుటి పోటు మధ్యాహ్నానికి జరిగి, పొద్దున ఆటు వస్తుంది. ఇదంతా నేనూ బడిలో చదివాను. పరీక్షతో మరిచిపోయాను.

అత్తయ్యను ముందే అడగక పోవడానికి కారణముంది. ఆవిడ మెట్టినిల్లు దివిసీమలో, ఏటిపాయ ఒడ్డున. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. వేలమందిని తీసుకుపోయిన ఆ నీళ్ళలో మామయ్యా, మూడేళ్ళ పిల్లవాడూ పోయారు. తాటిచెట్టును వాటేసుకుని ఆవిడ ఒక్కతే మిగిలింది. మా నాన్న వెళ్ళి తీసుకువచ్చాడు. ఆనాటినుంచి ఆవిడ సముద్రం మాట ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఈ రెండు రోజులూ ఆవిణ్ణి పక్కింటివారికి అప్పగించి వెళ్దామని మా ఆవిడా నేనూ వంటింట్లో గుసగుసలాడుకున్నాం కూడా.

ఆవిడ ఆకుల పళ్ళెం పక్కకు పెట్టి, "కారులో నాకు చోటుంటుందా?" అంది.

నేను మా ఆవిడ వంక చూశాను. "చోటుకేం అత్తయ్యగారూ, సామాను తగ్గించుకుంటాం" అంది మా ఆవిడ. ఆ మాట అన్నందుకు ఆమెకు నేను ఈ జన్మంతా రుణపడి ఉన్నాను.

కాగితం చింపి మళ్ళీ రాశాను. సోమవారానికి సెలవు పెట్టాను. మాఘ బహుళ అష్టమినాడు పొద్దున నిజాంపట్నం కట్టమీద నిలబడ్డాం. రేవులో వలలు బాగుచేసుకుంటున్నారు. గాలినిండా ఎండుచేపల వాసన. కొంచెం అవతల మడ.

నీళ్ళు దిగిపోయి ఉన్నాయి. బురదలోంచి వేలకొద్దీ వేళ్ళు పైకి పొడుచుకుని వచ్చాయి, ఎవరో పెన్సిళ్ళు గుచ్చినట్టు. బురదలో గాలి ఆడదు గనుక మడచెట్టు ఇట్లా వేళ్ళు పైకెత్తి ఊపిరి తీసుకుంటుంది. పోటువేళ వస్తే ఇవన్నీ మునిగే ఉండేవి. ఒక డెక్క మాత్రం పెద్దదిగా ఉన్న చిన్న పీతలు బొరియల్లోకి పరుగెత్తుతున్నాయి. చేప బురదమీద గెంతడం చూసి చిన్నది కేక పెట్టింది. పెద్దవాడు ఆకు నాలికకు తగిలించి "ఉప్పు!" అన్నాడు. తాగిన ఉప్పును ఆకుమీదికి వెళ్ళగొట్టడం నల్లమడకు తెలిసిన విద్య.

అత్తయ్య వంగి ఒక వేరును చేత్తో తడిమింది.

"మా ఊరి ముందు కూడా ఉండేదిరా ఈ మడ. పొయ్యిలోకి మేమే కొట్టుకొచ్చేవాళ్ళం. బాగా మండేది."

అంతకంటే ఏమీ అనలేదు. ఏమనాలో నాకూ తోచలేదు. మడ ఉప్పెనను ఆపేస్తుందని ఎవరూ చెప్పలేరు. కాని అలల జోరును విరుస్తుంది, ఒడ్డు కోసుకుపోకుండా పట్టి ఉంచుతుంది, చేపపిల్లలకూ రొయ్యపిల్లలకూ పుట్టిల్లవుతుంది. పొయ్యిలోకి కొంత, రొయ్యల చెరువులకు కొంత, ఈ తీరంలో మడ చాలా పోయింది. మళ్ళీ పెంచిన చోట్లూ ఉన్నాయి. కృష్ణా గోదావరి డెల్టాల్లో ఎండిపోయిన మడనేలల్లోకి పోటునీళ్ళు ఎక్కేలా, అటవీశాఖా ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థా చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, మొక్కలు నాటించాయి. ఆ సంగతి చెబితే అత్తయ్య శ్రద్ధగా విని, "నరికిన చేతులతోనే నాటాలి" అంది.

కారెక్కబోతూ, "పెనుమూడి ఇక్కడికెంత దూరం?" అని అడిగింది. రేపల్లె దగ్గర పెనుమూడి నుంచి కృష్ణ దాటితే పులిగడ్డ, అవతల దివిసీమ. ఆవిడ కాపురానికి వెళ్ళినప్పుడు పడవ. ఇప్పుడు వంతెన. అటు వెళితే సూర్యలంక పోతుంది. నేను పిల్లల మొహాలు చూశాను. చిన్నది నా జేబులోంచి కాగితం లాక్కుని, సూర్యలంక కొట్టివేసి, వంకరటింకర అక్షరాలతో "మామ్మవాళ్ళ ఊరు" అని రాసింది.

వంతెనమీద అత్తయ్య కారు అద్దం దింపించి, దాటేదాకా నీళ్ళనే చూసింది. అవతలి ఊరి సంగతి ఆవిడది. ఇక్కడ రాయను.

సూర్యలంక మాకింకా బాకీ ఉంది. మీరు వెళ్ళేట్టయితే జనవరి, మార్చి నెలల మధ్య వెళ్ళండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఇసుకలోకి వచ్చి, ఒక్కొక్కటి నూరుదాకా గుడ్లు పెట్టే కాలమది. ఒడ్డున దీపాలు వెయ్యకండి, అవి బెదురుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం, రేవు నిద్రపోతుంది. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. మడలోకి పడవమీద వెళ్ళాలంటే ముందుగా అటవీశాఖవారిని అడగండి.

అన్నిటికంటే ముందు తిథి చూసుకోండి. మీ యింట్లో తిథులు తెలిసిన పెద్దవారెవరైనా ఉంటే, కాగితం మీద పెన్సిలు పెట్టకముందే వారిని అడగండి. కారులో చోటు కూడా చూడండి.