హిందమాత నీళ్లు, మిల్లు జాగ

వానకాలంల పరేల్ పోయినోళ్లందరికీ హిందమాత ఎరుకే. దాదర్ దిక్కు నుంచి వచ్చే రోడ్డు అక్కడ గిన్నె లెక్క దిగుతది. రెండో పాళీ విడిచినంక చెప్పులు చేతిల పట్టుకొని, మోకాలి లోతు నీళ్లల్ల వర్లీ దాక నడిచినోళ్లు మనోళ్లల్ల ఎంతమందో.

మొన్నటి వానలకు అటు పోయి చూసిన. నీళ్లు నిలిచినయి గాని తొందరగనే దిగినయి. దగ్గరి మైదానాల కింద కార్పొరేషనోళ్లు పెద్ద ట్యాంకులు కట్టిన్రు. సముద్రం పోటు మీదుంటే మోరీల నీళ్లు బయటికి పోవు. అందుకని వాన నీళ్లు ట్యాంకులల్ల నింపి, పోటు తగ్గినంక వదుల్తరు. ఇంగ్లీషోళ్ల కాలపు మోరీలు గంటకు 25 మిల్లీమీటర్ల వానకు కట్టినవి. 50 మిల్లీమీటర్లు తట్టుకునేటట్టు చేసే పని తర్వాత పట్టిన్రు. 2005 జులై 26న శాంతాక్రూజ్‌ల ఒక్క రోజుకే 944 మిల్లీమీటర్లు పడ్డది. లెక్క మీరే కట్టుకోండి.

2022 మార్చిల బొంబాయి కార్పొరేషను వాతావరణ మార్పు మీద పెద్ద ప్లాను తీసింది. మనుమరాలు చదివి చెప్పింది. భూమిని వేడి చేసే వాయువులు తగ్గించుకుంట, 2050 నాటికి నికరంగ సున్నాకు తేవాలని అండ్ల ఉన్నది. ఊరు విడిచేదాంట్ల 100కి 70 పాళ్ల పైన కరెంటు, ఇంధనాల వాడకం నుంచేనట. మన కరెంటు ఎక్కువగ బొగ్గుదే గదా. రేకుల కప్పులున్న బస్తీలల్ల వేడి ఎక్కువని కూడా రాసిన్రు. అది మన ఇండ్లల్ల ఆడోళ్లను అడిగినా చెప్తురు. దారం తెగకుండ గాలిలకు తేమ కొట్టే మగ్గం ఖాతాల ముప్పై ఏండ్లు నిలబడ్డ నాకు ఉక్క అంటే ఏందో ఒకరు చెప్పనక్కర లేదు.

చెట్లు, ఖాళీ జాగలు పెంచాలె అని ప్లానుల ఇంకో మాట. నేను ఆగింది ఇక్కడనే. 1991 నియమం ప్రకారం మిల్లు జాగ మూడు పాళ్లు కావాలె. ఒక పాలు తోటలకు, మైదానాలకు. ఒక పాలు సర్కారు కట్టే ఇండ్లకు. ఒక పాలు మిల్లు యజమానికి. 2001ల ఆ నియమం మార్చి, కట్టడాలు లేని జాగనే పంచాలె అన్నరు. మిల్లంటే షెడ్లే గదా, ఇగ ఖాళీ జాగ ఎంతుంటది? 2006ల సుప్రీంకోర్టు కూడా సరే అన్నది. వాన నీళ్లు ఇంకాల్సిన మన్ను మీద ఇప్పుడు అద్దాల టవర్లు, వాటి కింద కార్లు. మా మిల్లుల చిన్న చెరువు కూడా ఉండేది. దాన్ని పూడ్చిన్రు.

మా చాళీ కూడా టవరు ఐతున్నది. సంతకాల మీటింగుల అందరు చదరపు అడుగులే అడిగిన్రు. చెట్టుకు మన్ను ఎంత విడుస్తున్నరు, వాన నీళ్లు ఏ మోరీకి పోతయి అని నేనడిగిన. బిల్డరు మనిషి బొమ్మల పుస్తకం తీసి పచ్చరంగు చూపిచ్చిండు. చూస్తే అది కార్ల పార్కింగు పైన, ఆరో అంతస్తు.

"నేల మీద ఏది సారూ?" అంటే, వచ్చే మీటింగుల చెప్తమన్నడు. వచ్చే ఐతారం మీటింగు. ఇద్దరు ముగ్గురు తోడు వస్తమన్నరు.