అగ్రికో లైన్లో మిలటరీ పటం

అగ్రికో అంటే బయటివాళ్లకి పారలు, గునపాలు, సుత్తులు చేసే టాటావాళ్ల కార్ఖానా. మాకు మాత్రం అదే ఊరు. గోల్మురీ, సిద్‌గోడా, భాలూబాసాల నడుమ వరసాగ్గా కంపెనీ క్వార్టర్లు, ప్రతి క్వార్టరు వెనకా చిన్న పెరడు, పెరట్లో ఓ జామచెట్టో మునగచెట్టో, గోడవారగా బొగ్గుల పోగు. చలికాలం వచ్చిందంటే దల్మా కొండల మీంచి దిగిన మంచూ, ఇంటింటా వాకిట్లో రాజేసిన సిగిడీల పొగా కలిసిపోయి, సాయంత్రం అయిదయ్యేసరికి ఎదురింటి గుమ్మం కూడా ఆనేది కాదు. ఆదివారం పూట బొగ్గుపొడిలో బంకమన్ను కలిపి ఉండలు చేసి ఎండబెట్టడం మా పిల్లల పని. మా అప్ప ఉండలు చుట్టేది, నేను గోడ మీద పేర్చేదాన్ని. ఆ తడి మన్ను వాసన, పక్కింటి బెంగాలీ వాళ్ల ఖజూరు బెల్లం వాసన, మా ఇంట్లో ఉలవచారు మరిగే వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు చలికాలం.

పొద్దున్న ఆరింటికి కార్ఖానా భోంపు మోగితే ఏ షిఫ్టు వాళ్లు లోపలికి, సీ షిఫ్టు వాళ్లు ఇళ్లకి. నాన్న హేమర్ షాపులో పనిచేసేవారు. ఎర్రగా కాలిన ఇనపముక్కని సుత్తి కింద పెట్టి సాగదీసే చోట ఎనిమిది గంటలు నిలబడి వస్తే, ఖాకీ చొక్కా మీద చెమట ఉప్పు చారలు కట్టి ఉండేది. అలిసిపోయానని ఆయన అనలేదు, మేమూ అడగలేదు. అందరి నాన్నలూ అలాగే వచ్చేవారు.

మా లైన్లో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లే. ఊరికి వెళ్లాలంటే టాటానగర్‌లో బండెక్కి, ఖరగ్‌పూర్‌లో దిగి, ఆ పొడుగాటి ప్లాట్‌ఫారం మీద ట్రంకుపెట్టె పక్కన దుప్పటి పరుచుకుని, మద్రాసు వైపు వెళ్లే బండి కోసం కాచుకుని, చివరికి ఆమదాలవలసలో దిగేవాళ్లం. వచ్చేటప్పుడు డబ్బాల నిండా చింతపండు, ఉలవలు, అమ్మమ్మ చేసిన అరిసెలు. శ్రీరామనవమికి బిష్టుపూర్‌లో మనవాళ్లు కట్టుకున్న రామమందిరానికి వెళ్తే ఏ ఇంటి వాళ్లు ఏ ఊరి వాళ్లో, ఎవరికి ఎవరు ఏమవుతారో అక్కడ తేలేది.

జంషెడ్‌పూర్‌కీ యుద్ధానికీ మొదట్నించీ చుట్టరికం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసొపొటేమియా దాకా వెళ్లాయి. ఆ సాయానికి గుర్తుగానే 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి, సాక్చి అనే చోటికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. రెండో యుద్ధంలో ఇక్కడి ఉక్కుతో చేసిన కవచాల బళ్లని టాటానగర్లు అనే పిలిచేవారు. ఇదంతా పెద్దయ్యాక చదువుకున్నది. చిన్నప్పుడు మాకు యుద్ధం అంటే మూడిళ్ల అవతల ఉండే మిలటరీ మావయ్య.

ఆయనదీ మా నాన్నతోపాటు హేమర్ షాపులోనే పని. 1942 ఏప్రిల్‌లో జపానువాళ్లు విశాఖపట్నం మీద బాంబులు వేసినప్పుడు ఆయన అక్కడ రేవులో కూలి. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని పల్లెలకి పోతుంటే, ఈయన వెళ్లి సైన్యంలో పేరిచ్చాడు. మద్రాస్ సాపర్లలో చేరి, బెంగళూరులో పని నేర్చుకుని, బర్మా వెళ్లాడు. తుపాకీ కాల్చిన కథలు ఎంత అడిగినా చెప్పేవాడు కాదు. దారులు వేయడం, వానలో కొట్టుకుపోయిన దారిని మళ్లీ వేయడం, ఇనప పలకలని మేకులతో జోడించి ఏటి మీద వంతెన కట్టడం, అవే చెప్పేవాడు. "పార, పలుగు లేకపోతే సైన్యం అడుగు కదలదే అమ్మా. అప్పుడు నా చేతిలో ఉన్న పార మీద ఏ ముద్ర ఉందో చూసుకోలేదు. ఇక్కడ చేసిందే అయ్యుంటది" అని తన అరచేతులు చూసుకునేవాడు. పళ్లపొడి డబ్బాలో ఆరు మొనల కంచు నక్షత్రం ఒకటి ఉండేది, బర్మా స్టార్. దాని రిబ్బను మధ్యలో ఎరుపు, అటూ ఇటూ నీలం, నీలం మధ్యలో సన్నటి నారింజ గీత. మేం వరసగా కూర్చుంటే ఒక్కొక్కరి అరచేతిలో పెట్టి, కాసేపు ఉంచి, తీసుకునేవాడు. ఇంత చిన్నది ఎంత బరువుందో అనుకునేదాన్ని.

1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చేసరికి మా లైన్లో కిటికీలన్నిటికీ గోధుమరంగు కాగితాలు అంటించారు. పొద్దు గూకేలోగా వంటలు అయిపోవాలి, సిగిడీలు ఆరిపోవాలి. అంతకు ఆరేళ్ల ముందు, 1965 సెప్టెంబరులో, ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న కలైకుండ విమానాల స్థావరం మీద ఢాకా వైపు నుంచి వచ్చిన విమానాలు దాడి చేశాయి గనక పెద్దవాళ్ల భయం ఊరికే వచ్చింది కాదు. ఆ చలికాలం మా ఇంట్లోనే ఉన్న అమ్మమ్మ చీకట్లో కూర్చుని, "కంపెనీ వాళ్లు స్లాగు పారబోసినప్పుడల్లా ఆకాశమంతా ఎర్రగా మండిపోయే ఊరిని కాగితాలతో ఎలాగ దాస్తారే?" అని అడిగేది. అంటూనే చిరిగిన చోట మళ్లీ అన్నం మెతుకులతో తనే అంటించేది.

డిసెంబరు 9న రేడియోలో చెప్పారు, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం దగ్గర మునిగిందని. విక్రాంత్ ఓడని వెతుక్కుంటూ వచ్చిందట. విక్రాంత్‌ని మనవాళ్లు ముందే అండమాన్ల వైపు తరలించేశారు. ఆ రాత్రి లైన్లో ఎవరికీ నిద్ర లేదు. అందరివీ ఆ సముద్రపు ఒడ్డు ఊళ్లే. ఒకరి అక్క పెద్దజాలరిపేట దగ్గర, ఇంకొకరి మావయ్య భీమిలి దగ్గర, మరొకరి చెల్లెలు అప్పుడే కాన్పుకి విశాఖపట్నం కేజీహెచ్ ఆసుపత్రిలో చేరి ఉంది. మర్నాడు మా లైన్లోని టీచరు పిన్ని మా వరండాలో కూర్చుని ఒకరి తర్వాత ఒకరికి ఉత్తరాలు రాసింది. తూర్పు బెంగాలు నుంచి వచ్చిన శరణార్థుల కోసం అప్పట్లో ఉత్తరాల మీద అయిదు పైసల బిళ్ల అదనంగా అంటించాలి. ఆ బిళ్లలు నాలికతో తడిపి అంటించే పని నాది. జిగురు రుచి సాయంత్రం దాకా పోలేదు.

డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు. తొంభై మూడు వేల మంది పట్టుబడ్డారని నాన్న పేపరు చూసి చదివితే మిలటరీ మావయ్య మాత్రం, "అంతమందికీ రోజూ అన్నం వండాలి" అన్నాడు.

ఆ వారంలోనే టీచరు పిన్ని నోట ఆ మాట వచ్చింది. పేపర్లో పెద్ద పెద్ద జనరల్స్ ఫొటోలు పడుతున్నాయి. మన లైన్లలోంచి వెళ్లినవాళ్లవి ఎవరు పెడతారు? మనమే పెట్టుకుందాం, రిపబ్లిక్ డేకి అందరి ఫొటోలూ ఒక పటం కట్టి, కింద పేరూ ఊరూ పనిచేసిన చోటూ రాసి పెడదాం అంది. ఎవరూ కాదనలేదు. నేను ఈ ముక్క రాస్తున్నది ఆ పటం గురించే. అందులో ఉన్నవాళ్లకి ఆ రోజు దండలు పడ్డాయి. పటం తయారవడానికి చెయ్యి వేసినవాళ్లకి ఇన్నాళ్లూ నేను నోరారా ఒక దండం కూడా చెప్పలేదు.

ఫొటోలు దొరకడం అంత సులువు కాలేదు. అప్ప, నేను, పిన్ని, సంక్రాంతి సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగాం. కొందరు ట్రంకుపెట్టెలు అడుగుదాకా తోడి, కలరా ఉండల వాసన కొట్టే పట్టుచీరల కిందనుంచి డిశ్చార్జి పుస్తకాలు తీశారు. అవి ఇంగ్లీషులో ఉంటే టైమ్ ఆఫీసులో పనిచేసే అయ్యరు గారు వచ్చి చదివి, "ఇదిగో, ఇతని నడవడిక చాలా మంచిది అని రాశారు" అని చెప్తే ఆ ఇంటి ముసలమ్మ మళ్లీ చదవమనేది. ఆయన మళ్లీ చదివేవారు. బీ షిఫ్టుకి వేళ మించిపోతున్నా మూడోసారి కూడా చదివేవారు.

చివరి లైన్లో ఒక పెద్దమ్మ ఉండేది. ఆవిడ భర్త 1962లో చైనాతో యుద్ధానికి నేఫా వెళ్లి తిరిగి రాలేదు. ఆవిడ తమ్ముడి పంచన ఉంటూ, నలుగురిళ్లలో పిండి రుబ్బిపెట్టి బతికేది. ఫొటో ఉందా పెద్దమ్మా అంటే లేదంది. మేం మెట్లు దిగాక వెనక్కి పిలిచి, లోపలికి వెళ్లి ఒక కేలండరు చుట్ట పట్టుకొచ్చింది. విప్పితే మధ్యలో ఒక గ్రూపు ఫొటో, ట్రైనింగులో తీసింది, నాలుగు వరసల కుర్రాళ్లు, అందరికీ ఒకే కటింగు, ఒకే నిక్కరు. ఒక్కో మొహం కందిగింజంత. పిన్ని కళ్లద్దాలు సవరించుకుని వెతికేలోగా పెద్దమ్మ వేలు సూటిగా వెనక వరసలో ఎడమ నుంచి మూడో అతని మీద ఆగింది. "ఈయనే" అంది. పదేళ్లుగా ఆ కాగితం మీద అదే చోట వేలు పెట్టి పెట్టి, అక్కడ మెరుపు పోయి ఉంది.

ఆ ఫొటో పట్టుకుని సాక్చి వెళ్లాం. స్టూడియో నడిపే బెంగాలీ దాదా భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. చిన్న మొహం పెద్దది చేస్తే చెదిరిపోతుంది, కొన్నాళ్లు ఆగండి అన్నాడు. వెళ్లేసరికి పెన్సిలుతో కళ్లూ మీసమూ సరిదిద్ది, అరచెయ్యంత మొహం చేసి పెట్టాడు. డబ్బులివ్వబోతే, తన అన్నదమ్ములు బారిశాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చి ఇప్పుడు తన ఇంట్లోనే ఉన్నారనీ, ఈ పనికి డబ్బు తీసుకోననీ అన్నాడు. పిన్ని బలవంతం చేస్తే కాగితం ఖరీదు మాత్రం ఉంచుకున్నాడు. పెద్దమ్మ ఆ ఫొటో చూసి, "మీసం ఇంకొంచెం పైకుండేది" అంది. ఆమాట దాదాకి చెప్తే, నవ్వకుండా, మళ్లీ తీసుకురమ్మని, మీసం కొసలు పైకి తిప్పి ఇచ్చాడు. నా జీవితంలో చూసిన మర్యాదల్లో అది చాలా పెద్దది.

చట్రానికి చెక్క పేకింగు పెట్టెల్లోంచి వచ్చింది. దాన్ని చిత్రిక పట్టినది ప్యాటర్న్ షాపు వడ్రంగి బాబాయి, డ్యూటీ దిగాక, సిగిడీ వెలుగులో. పేర్లు రాయడానికి మావాళ్లలో దస్తూరీ బాగున్నది మిలటరీ మావయ్య కూతురిది. తండ్రి పేరు అందరికన్నా ఆఖర్న రాయమని ఆయనే పట్టుబట్టాడు. గోల్మురీ నుంచి లారీల సర్దార్జీ, ఆయనా పాత ఫౌజీయే, షామియానా, కుర్చీలు దింపి, తన తమ్ముడి ఫొటో కూడా పెట్టవచ్చా అని చేతులు కట్టుకుని అడిగాడు. తెలుగువాళ్ల పటం కదా అని ఎవరో గొణిగితే, మావయ్య ఏమీ అనకుండా తన ఫొటో కాస్త పక్కకి జరిపి చోటు చేశాడు.

1972 జనవరి 26 పొద్దున్న ఢిల్లీలో ఇందిరాగాంధీ ఇండియా గేటు దగ్గర అమర్ జవాన్ జ్యోతి వెలిగించారు. అదే పొద్దున్న అగ్రికోలో మా లైను చివర వేపచెట్టు కింద బల్ల మీద మా పటం నిలబెట్టాం. అమ్మావాళ్లు రాత్రంతా మేలుకుని పులిహోర కలిపారు. పెద్దమ్మ పొద్దున్నే వచ్చి బల్ల కింద పేడనీళ్లు చల్లి ముగ్గు వేసింది. జెండా ఎగరేశాక ఒక్కో పేరూ పిన్ని చదువుతుంటే ఆ ఇంటివాళ్లు వచ్చి దండ వేశారు. పెద్దమ్మ వంతు వచ్చినప్పుడు ఆవిడ దండ వేయలేదు. అద్దం మీద చెంగుతో తుడిచి, తన చోటికి వెళ్లి కూర్చుంది. ఆవిడ తరఫున దండ మావయ్య వేసి, సెల్యూట్ చేశాడు. ఆయన సెల్యూట్ చేయడం అదే మొదటిసారి చూశాం.

ఆ సంవత్సరమంతా ఎవరో ఒకరు ఫొటో పట్టుకుని పిన్ని గుమ్మం ఎక్కుతూనే ఉన్నారు. భాలూబాసా నుంచి, సిద్‌గోడా నుంచి, భోజ్‌పురీ వాళ్లు, ఒడియా వాళ్లు. పటం చాలలేదు. రెండోది కట్టాలని పెద్దవాళ్లు చందాల పుస్తకం తీశారు. మా లైన్లో కూరలమ్మే మౌసి గుమ్లా వైపు ఉరాఁవ్ మనిషి. ఆల్బర్ట్ ఎక్కా వాళ్ల జారీ గ్రామం తమ వైపేనని చెప్పేది. గంగాసాగర్ దగ్గర, 1971 డిసెంబరులో, గాయాలతోనే శత్రువుల బంకర్లలోకి దూకి, మెషిన్‌గన్ను నోరు మూయించి ప్రాణం విడిచిన లాన్స్ నాయక్ ఆయన. తూర్పున జరిగిన పోరులో పరమవీరచక్ర వచ్చింది ఆయన ఒక్కడికే. హిందీ పేపర్లో పడ్డ ఆయన బొమ్మ మౌసి బుట్ట అడుగున, ఉల్లికాడల కింద తడవకుండా మైకా కాగితంలో చుట్టి దాచుకుంది. అది పిన్నికిచ్చి, పెద్ద పటంలో మధ్యన పెట్టండి అంది. మధ్యనే పెట్టారు. చందాల పుస్తకంలో తన పేరు రాయొద్దని, రెండో పటం అద్దానికి మాత్రం తనే ఇస్తానని, మా అరుగు మీద కూర్చుని చిల్లర అణాపైసలతో సహా లెక్కపెట్టి ఇచ్చింది. కొంచెం తక్కువైతే మర్నాడు తెచ్చి సరిచేసింది. టీచరు పిన్నికి, అయ్యరు గారికి, స్టూడియో దాదాకి, వడ్రంగి బాబాయికి, సర్దార్జీకి, అందరికన్నా ముందు ఆ మౌసికి, నా నమస్కారాలు.