బొల్లారం లైను మీద బ్లూస్

సికింద్రాబాద్ దగ్గరి యాప్రాల్ రోడ్ల మీద పొద్దున్నే నడిచే పెద్దవాళ్లలో చాలామంది వీపు ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది. పటాలంలో పనిచేసి రిటైరై ఇక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లు. ఏ ఇంటికి వెళ్లినా పాత పోస్టింగుల గుర్తులు కనిపిస్తాయి. ఒకరింట్లో నాగా శాలువా, ఇంకొకరింట్లో కశ్మీరీ చెక్కపని. మా వీధి చివరనుండే సుబేదారు గారు మాత్రం పాటలు తెచ్చుకున్నారు. విజయనగరం వైపు మనిషి. కొన్నేళ్లు షిల్లాంగ్‌లో ఉన్నారు. అక్కడ లూ మాజా అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజు జరుపుతున్నాడు. ఆ కచేరీల్లో ఒకదానికి వెళ్లినప్పటి నుంచి సుబేదారు గారికి గిటారు పాట పట్టుకుంది. డిలన్ పేరు లోకమంతా తెలుసు. ఆయనకు మక్కువ మాత్రం ఆ పేరు వెనకున్న వాళ్ల మీద, ఎక్కువమంది వినని వాళ్ల మీద. ఒక నోటు పుస్తకంలో వాళ్ల పేర్లన్నీ తెలుగులో రాసుకున్నారు.

"గురువారం పాత రికార్డుల కోసం జుమ్మెరాత్ బజారుకి వెళ్దాం బాబూ. దారిలో ఒక్కొక్కరినీ వినిపిస్తాను" అన్నారు. ఆ ప్రయాణం గురించే ఇది రాస్తున్నాను.

యాప్రాల్ నుంచి కౌకూరు మీదుగా ఆటోలో బొల్లారం చేరాం. రైలుకి ఇంకా టైముందని హోలీ ట్రినిటీ చర్చి ఆవరణకి తీసుకెళ్లారు. 1847లో విక్టోరియా రాణి సొంత డబ్బుతో కట్టించిన గుడి అది. 1983 నవంబరు 20న రెండో ఎలిజబెత్ రాణి తన పెళ్లిరోజున ఇక్కడికే వచ్చి ప్రార్థన చేసింది. చెట్ల నీడలో కూర్చున్నాక సుబేదారు గారు ఫోను తీసి, ఇయర్‌ఫోను ఒకటి నా చేతికిచ్చి, సిస్టర్ రోసెట్టా థార్ప్‌ని వినిపించారు.

ఆర్కాన్సాలో 1915లో పుట్టిన నల్లజాతి స్త్రీ. చర్చిలో తల్లి పక్కన నిలబడి పాడుతూ పెరిగింది. దేవుడి పాటలకే ఎలక్ట్రిక్ గిటారు మోగించింది. రాక్ అండ్ రోల్ అన్న పేరు జనం నోట పడకముందే ఆ వాయింపు ఆమె చేతిలో ఉంది. మగవాళ్లు ఆ దారిన నడిచి కోట్లు గడించారు. ఆమె 1973లో ఫిలడెల్ఫియాలో చనిపోతే సమాధి మీద పేరు చెక్కిన రాయి పడటానికి మూడు దశాబ్దాలు దాటింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 2018లో గాని తీసుకోలేదు. చర్చి వెనక తెల్ల సిపాయిల సమాధుల మీద రెజిమెంటు పేరుతో సహా చెక్కి ఉంది. అవి చూస్తూ ఆమె పాట వింటుంటే నాకు కోపం వచ్చింది.

ఆమెది ఒక వీడియో ఉంది, తప్పక చూడండి. 1964 మేలో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో టీవీ వాళ్లు ఒక పాడుబడ్డ రైల్వే స్టేషన్ని కచేరీ వేదికగా మార్చారు. ఒక ప్లాట్‌ఫారం మీద శ్రోతలు, ఎదుటి ప్లాట్‌ఫారం మీద గాయకులు. వాన పడుతోంది. ఆమె గుర్రబ్బండి దిగి, తెల్లకోటులో, వాన మీద ఉన్న కీర్తననే ఎత్తుకుంది. పట్టాల అవతల కూర్చున్న కుర్రాళ్ల ముఖాలు చూడాలి. అమెరికా పల్లెల్లో నల్లజాతివాళ్లు పాడుకునే బ్లూస్‌ని ఇంగ్లండు పిల్లలు ఎలా పట్టుకున్నారో ఆ ముఖాల్లో తెలుస్తుంది.

బొల్లారం బజార్ స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కాం. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వరకూ ఈ లోకల్ బళ్లు 2023 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. ఖాళీగా ఉంది, కిటికీ పక్కన చోటు దొరికింది. ముందుగా అల్వాల్ వచ్చింది. ప్రజాగాయకుడు గద్దర్ ఉన్న ఊరు, 2023 ఆగస్టులో ఆయన్ని మట్టిచేసిన ఊరు. బండి ఆగిన ఆ కాస్సేపూ సుబేదారు గారు ఏ పాటా పెట్టలేదు. తర్వాత కావల్రీ బ్యారక్స్. గుర్రపు దండు పోయింది, స్టేషనుకి పేరు మిగిలింది.

అమ్ముగూడ దగ్గర ఎదురుగా గూడ్సు బండి వెళ్తుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. "సరిగ్గా ఇప్పుడే వినాలి" అంటూ ఎలిజబెత్ కాటెన్ పాడిన 'ఫ్రైట్ ట్రైన్' పెట్టారు. గూడ్సు బండి మీద పాటే అది.

ఈమె గురించి కాస్త నిదానంగా చెప్పాలి. 1893లో నార్త్ కరొలైనాలో, రైలు పట్టాలకు దగ్గర్లోని ఇంట్లో పుట్టింది. ఎడమచేతి వాటం. అన్న బాంజోని, తర్వాత తాను ఇళ్లలో పనిచేసి దాచుకున్న డబ్బుతో కొనుక్కున్న గిటారుని, తీగలు మార్చకుండా తలకిందులుగా పట్టుకుని వాయించింది. దాంతో అందరూ బొటనవేలితో మీటే మంద్ర తీగలు ఆమెకు మిగతా వేళ్ల కిందికి వచ్చాయి, సన్న తీగల మీద రాగం బొటనవేలి పని అయింది. వాయింపులో ఆ ఊపు ఇంకెవరికీ రాదు. ఆ పాట కట్టేనాటికి ఆమెకు పన్నెండేళ్లు కూడా నిండి ఉండవు. పెళ్లయింది, చర్చి వాళ్లు లోకం పాటలు వద్దన్నారు, గిటారు మూలపడింది. ఏళ్లు గడిచాక వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తున్నప్పుడు తప్పిపోయిన చిన్నపిల్ల కనిపిస్తే తల్లికి అప్పగించింది. ఆ పిల్ల పెగ్గీ సీగర్, ఆ తల్లి స్వరకర్త రూత్ క్రాఫర్డ్ సీగర్. వాళ్లింట్లో వంటపనికి కుదిరింది. గోడకు వేలాడే గిటారు తీసి మళ్లీ మీటడం మొదలుపెట్టింది. మొదటి రికార్డు 1958లో వచ్చింది, అప్పటికి అరవై దాటాయి. ఆలోగా పెగ్గీ ద్వారా ఇంగ్లండు చేరిన ఆ పాట 1957లో అక్కడ వేరేవాళ్ల గొంతులో పెద్ద హిట్టయింది, హక్కులు కూడా వేరేవాళ్ల పేరున నమోదయ్యాయి. వాటి కోసం పోరాడాల్సి వచ్చింది. 1985లో గ్రామీ అందుకునేనాటికి ఆమెకు తొంభై పైన.

పాట వింటూ గూడ్సు పెట్టెలు లెక్కపెట్టడం మానేశాను. ఆమె వేళ్లు చక్రాల చప్పుడుతో పోటీ పడవు, దాని పక్కనే నడుస్తాయి.

"రైలు లేకపోతే వీళ్ల పాట లేదయ్యా" అన్నారు సుబేదారు గారు. నిజమే. జిమ్మీ రోడ్జర్స్ రైల్లో బ్రేక్‌మ్యాన్‌గా పనిచేశాడు. క్షయ పట్టి ఆ పని చెయ్యలేకపోయాడు. 1927లో బ్రిస్టల్ అనే చిన్న ఊళ్లో మొదటి రికార్డు ఇచ్చి, 1933లో ముప్పై ఐదేళ్లకే పోయాడు. ఆ ఆరేళ్లే కంట్రీ సంగీతానికి పునాది. ఆయన రికార్డులు ఓడలెక్కి మన దేశానికీ వచ్చాయి, ఆఫ్రికాకీ వెళ్లాయి. 1950లో కెన్యాలో కిప్సిగిస్ తెగ ఆడపిల్లలు ఆయన పేరుని 'చెమిరోచా'గా పలుకుతూ పాడుకునే పాటను హ్యూ ట్రేసీ అనే పరిశోధకుడు రికార్డు చేశాడు. ఇక డెఫర్డ్ బెయిలీ చిన్నప్పుడే పోలియో వచ్చినవాడు, మౌతార్గాన్‌తో రైలు రాకపోకలన్నీ వినిపించేవాడు. నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కచేరీకి మొదటి నల్లజాతి తార. 1941లో ఆయన్ని తీసేశారు. ఆ తర్వాత అదే ఊళ్లో బూటు పాలిష్ దుకాణం నడుపుకుని బతికాడు. కంట్రీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 2005లో, అంటే ఆయన చనిపోయిన 23 ఏళ్లకు.

సికింద్రాబాద్‌లో దిగి మెట్టుగూడ మీదుగా సౌత్ లాలాగూడ వైపు నడిచాం. నిజాం రైల్వే కాలం నుంచీ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలున్న చోటు. డ్రైవర్లు, గార్డులు, ఫైర్‌మెన్లు. డ్యూటీ దిగాక రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డ్యాన్సు, క్రిస్మస్‌కి బ్యాండు, ఇంట్లో రేడియో సిలోన్. కంట్రీ గాయకుడు జిమ్ రీవ్స్ 1964లో విమాన ప్రమాదంలో పోయినా ఇలాంటి రైల్వే కాలనీల్లో ఆయన గొంతు ఆగలేదు. ఒక పాత క్వార్టర్ గుమ్మంలో కూర్చున్న పెద్దావిడని సుబేదారు గారు పలకరిస్తే, ఆవిడ హైదరాబాదీ ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు కలిపి మాట్లాడింది. "మా నాన్న గిటారు వాయించేవాడు, పిల్లలందరూ ఆస్ట్రేలియా పోయారు, గిటారు కూడా పోయింది" అంది. ఆ నాన్న ఏ రికార్డుకీ ఎక్కలేదు. ఈ సంగీతంలో అసలు అజ్ఞాతులు అలాంటివాళ్లే అనిపించింది.

దండు, రైలు, చర్చి. 1806లో ఏర్పడ్డ ఈ సికింద్రాబాద్ కంటోన్మెంటుని కట్టినవి ఈ మూడే. బ్లూస్, కంట్రీ పాటలు తిరిగేదీ వీటి చుట్టూనే. అందుకే ఇవి మనకు పరాయి పాటలని నేను అనుకోను.

అఫ్జల్‌గంజ్ బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో పురానాపూల్ వైపు వెళ్తే జుమ్మెరాత్ బజార్. గురువారం సంత. తుప్పు పట్టిన తాళాలు, టెలిఫోన్లు, సైకిల్ చైన్లు, కెమెరా డొక్కులు, ఒంటి బూట్లు. పాటలు వెతికే పనికి ఓపిక కావాలి, నడుము వంచాలి. హిందీ సినిమా రికార్డుల అడుగున, ఘంటసాల భగవద్గీత కింద, అట్ట లేని జిమ్ రీవ్స్ ఒకటి దొరికింది. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో నొక్కినది. గీతలున్నా కొన్నాం. ఇంకో గోనెపట్టా మీద క్యాసెట్ల కుప్ప. అందులో ఒక టీడీకే క్యాసెట్ అట్ట మీద నీలం బాల్‌పెన్నుతో పొందికైన అక్షరాలు. ఒక వైపు రోరీ గాలహర్, రెండో వైపు జె.జె. కేల్. రికార్డింగ్ సెంటర్లో ఖాళీ క్యాసెట్ ఇచ్చి పాటల జాబితా రాసిస్తే నింపి ఇచ్చే రోజులవి. ఎవరో ఏరికోరి నింపించుకున్నారు.

ఆ ఎంపికకి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి. గాలహర్ ఐర్లండు మనిషి. రంగు ఊడిపోయిన గిటారుతో, గళ్ల చొక్కాతో ఊరూరా తిరిగి 1995లో 47 ఏళ్లకే పోయాడు. కేల్ కథ ఇంకోలా ఉంటుంది. ఓక్లహోమా వాడు. ఆయన పాట ఒకటి 1970లో ఎరిక్ క్లాప్టన్ పాడి పేరు తెచ్చుకున్నాడు. కేల్ మాత్రం గొంతు పెంచకుండా, ముందుకు రాకుండా 2013 దాకా తనకు నచ్చినట్టు బతికాడు. క్లాప్టన్ పాడినదాని కంటే కేల్ గొణిగినదే నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ సుబేదారు గారు మిసిసిపీ జాన్ హర్ట్ కథ చెప్పారు. 1928లో కొన్ని రికార్డులిచ్చాడు, అవి అమ్ముడుపోలేదు, తన పల్లెకెళ్లి వ్యవసాయం చేసుకున్నాడు. ఒక పాటలో ఆ పల్లె పేరు అవలాన్ అని ఉంది. దాన్నిబట్టి పాత మ్యాపు వెతికి 1963లో టామ్ హాస్కిన్స్ అనే కుర్రాడు ఆయన గుమ్మంలో దిగాడు. అప్పటికి ఆయన ముసలివాడయ్యాడు. అదే ఏడు న్యూపోర్ట్ ఉత్సవంలో వేలమంది ముందు పాడాడు. మూడేళ్లు పాడి పోయాడు.

మనకీ అలాంటి మనిషున్నాడు. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య, 12 మెట్ల కిన్నెర వాయించేవాడు. 2021లో ఆయన గొంతున్న సినిమా పాట వచ్చేదాకా ఎంతమందికి తెలుసు? 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ తర్వాత కూడా కూలి పనికి వెళ్లాల్సి వచ్చిందని 2024లో పత్రికల్లో చదివాం. వెతికి పట్టుకోవడం సగం పని. పట్టుకున్నాక అన్నం పెట్టడం మిగతా సగం, అది ఏ దేశంలోనూ సరిగా జరగలేదు.

తిరుగు ప్రయాణంలో సైనిక్‌పురిలో ఆగాం. ఒక కేఫ్‌లో ఇద్దరు పిల్లలు, ఒకరికి గిటారు, ఒకరికి మౌతార్గాన్. సొంత బ్లూస్ పాట, తెలుగులో. బ్లూస్ కట్టుబడి తేలికే. మొదటి పాదం రెండుసార్లు, మూడో పాదంలో జవాబు, పాదం ముగిసిన ప్రతిచోటా గిటారు పలకడం. బుర్రకథలో వంత పలికినట్టు ఉంటుంది. పాట బాగుంది, మాటల్లో ఇంకా ప్రాస కోసం పాకులాట ఉంది. వింటున్నవాళ్లు ఓ పదిహేనుమంది ఉంటారేమో. సుబేదారు గారు ముందుకెళ్లి ఆ పిల్లలకి షిల్లాంగ్ జంట రూడీ వాలాంగ్, టిప్రిటి ఖర్‌బాంగర్‌ల సోల్‌మేట్ బృందం గురించి చెప్పారు. 2003లో మొదలై, 2007లో మెంఫిస్‌లోని అంతర్జాతీయ బ్లూస్ పోటీకి మన దేశం నుంచి వెళ్లిన బృందం అది. పిల్లలు ఆ పేరు ఫోన్లో రాసుకున్నారు.

యాప్రాల్, బొల్లారం, సైనిక్‌పురి, లాలాగూడల్లో పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. అటకల మీది రికార్డులు, క్యాసెట్లు కిలోల లెక్కన పాత సామాన్ల వాడి బండెక్కుతున్నాయి. మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే తూకానికి వెయ్యకండి. ముందు అట్టల మీద చేతిరాతలు చదవండి, వాయించిన తాతల పేర్లు తెలిస్తే రాసి పెట్టండి, వినే పిల్లలెవరైనా ఉంటే వాళ్లకివ్వండి.