వాబాష్ ఒడ్డున కొవ్వొత్తి

అమెరికాలో ఇండియానా రాష్ట్రపు పడమటి అంచున వాబాష్ అనే నది పారుతున్నది. దాని ఒడ్డున టెర్ హోట్ అని ఒక మధ్యరకం ఊరున్నది. జనం సుమారు 58 వేలు. పేరు ఫ్రెంచివాళ్ళు పెట్టినది. మెరకనేల అని అర్థం. ఇండియానాపొలిస్ నగరం నుంచి పడమరగా 75 మైళ్ళ పైచిలుకు కారు ప్రయాణం. దారి పొడుగునా చదునైన నేల, కనుచూపు మేర మొక్కజొన్న చేలు, సోయా చేలు. కొండ లేదు, గుట్ట లేదు. మన గోదావరి మండలం నుంచి వచ్చినవాళ్ళకు వరిచేలకు బదులు మొక్కజొన్న నాటినట్లుంటుంది.

ఊరికి తన గొప్పలు తనకున్నవి. తూర్పు పడమరలుగా పోయే పాత జాతీయ రహదారీ, ఉత్తర దక్షిణాలుగా పోయే మరో పెద్ద రోడ్డూ ఇక్కడ కలిసేవి గనుక ఆ కూడలికి అమెరికా నాలుగు రోడ్ల కూడలి అని పేరు వచ్చింది. ఇవాళ ప్రపంచమంతటా కనబడే నడుము సన్నని కోకా కోలా సీసాకు రూపకల్పన చేసింది ఈ ఊరి గాజు కర్మాగారంలోనే, 1915లో. కార్మిక నాయకుడు యూజీన్ డెబ్స్ పుట్టింది ఇక్కడే. ఆయన 1920లో జైలులో ఉండి దేశాధ్యక్ష పదవికి పోటీచేస్తే తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. ఆయన ఇల్లు భద్రంగా ఉన్నది, చూడవచ్చు. నవలాకారుడు థియొడోర్ డ్రైజర్ కూడా ఈ ఊరివాడే.

కాని నేను ఆ ఊరు వెళ్ళింది సీసా కోసమూ కాదు, డెబ్స్ కోసమూ కాదు. మూడవ వీధిలో, దక్షిణ భాగాన, వచ్చేపోయే బళ్ళ సందడి మధ్య ఒక మ్యూజియం ఉన్నది. గొప్ప కట్టడమేమీ కాదు. తెలియనివాడు బ్యాంకో, పోస్టాఫీసో అనుకొని దాటిపోతాడు. దాని పేరు క్యాండిల్స్, అంటే కొవ్వొత్తులు. ఆష్విట్జ్‌లో నాజీల ప్రాణాంతక ప్రయోగాలకు లోనై బ్రతికి బయటపడిన పిల్లలు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలను కూర్చితే వచ్చిన పేరది. దాన్ని పెట్టిన మనిషి ఈవా కోర్. ఆ ఊళ్ళో ఇళ్ళ అమ్మకాలు కొనుగోళ్ళు కుదిర్చే పని చేసుకొని బ్రతికిన ఇల్లాలు.

ఆవిడ పుట్టింది 1934 జనవరి 31న, రుమేనియా దేశంలో పోర్ట్స్ అనే పల్లెలో. తండ్రి వ్యవసాయదారు. ఊళ్ళో యూదుల కుటుంబం వాళ్ళదొక్కటే. నలుగురు ఆడపిల్లలు. పెద్దవాళ్ళిద్దరి తర్వాత పుట్టిన కవలలు ఈవా, మిరియం. 1940లో ఆ ప్రాంతం హంగరీ చేతికి పోయింది. 1944 వసంతంలో వాళ్ళను ఇల్లు వెళ్ళగొట్టి మొదట ఒక చెరలోనూ, ఆపైన పశువుల రైలుపెట్టెలోనూ పెట్టి, పోలెండులోని ఆష్విట్జ్‌కు తోలారు. సుమారు 11 లక్షలమందిని పొట్టబెట్టుకొన్న చోటు అది. యూరపు మొత్తంమీద నాజీలు చంపిన యూదులు 60 లక్షలు.

రైలు దిగిన చోట ఒక సైనికుడు, ఈ పిల్లలు కవలలా అని తల్లిని అడిగాడు. కవలలైతే మంచిదేనా అని ఆ తల్లి తిరిగి అడిగింది. మంచిదే అన్నాడు. అవునని చెప్పింది. అంతే, తల్లి ఒకవైపు, పిల్లలు ఒకవైపు. రైలు దిగిన అరగంటలో తల్లినీ, తండ్రినీ, అక్కలిద్దరినీ ఈవా పోగొట్టుకొన్నది. మళ్ళీ వాళ్ళ ముఖం చూడలేదు. అప్పటికి ఆ కవలలకు పదేళ్ళు. చేతిమీద ఈవాకు ఏ-7063, మిరియంకు ఏ-7064 అని పచ్చపొడిచారు.

మెంగెలె అనే డాక్టరుకు కవలలు కావాలి. ఒకరికి ఏదో ఎక్కించి, రెండవవారితో పోల్చి చూడటం ఆయన పద్ధతి. వారానికి మూడు రోజులు పిల్లలను బట్టలు విప్పించి గంటల తరబడి ఒళ్ళంతా కొలిచేవారు. తక్కిన మూడు రోజులు ఒక చేతి నుంచి నెత్తురు తీసి, రెండవ చేతికి ఏవేవో మందులు గుచ్చేవారు. ఒకసారి ఇంజెక్షను తర్వాత ఈవాకు తీవ్రంగా జ్వరం వచ్చింది. రెండు వారాలకు మించి బ్రతకదని డాక్టరు నవ్వుతూ అన్నాడని ఆవిడ తర్వాత చెప్పింది. తాను చనిపోతే మిరియంను కూడా చంపి, రెండు శవాలనూ పక్కపక్కన కోసి చూస్తారని ఆ పసిదానికి తెలుసు. నీళ్ళ కొళాయి దాకా నేలమీద ప్రాకుతూ పోయి దాహం తీర్చుకొని బ్రతికింది. చెరకు వచ్చిన మొదటి రాత్రే మరుగుదొడ్డి నేలమీద పిల్లల శవాలు చూచి, మేమిద్దరం ఇలా కాగూడదు, నడిచి బయటికి పోవాలి అని ఒట్టు పెట్టుకొన్నదట. 1945 జనవరి 27న రష్యను సేనలు వచ్చాయి. ఆ రోజుల్లో తీసిన చలనచిత్రంలో ముళ్ళకంచెల మధ్యనుంచి చారల కోట్లు తొడుక్కొని నడిచివచ్చే పిల్లల వరుస ఉన్నది. ముందున్న ఇద్దరు వీళ్ళే, చెయ్యీ చెయ్యీ పట్టుకొని.

పోర్ట్స్‌కు తిరిగి వెళ్తే ఇల్లు ఖాళీ. నేలమీద నలిగిపోయిన మూడు ఫొటోలు దొరికాయి. కుటుంబం తాలూకు ఆస్తి అదే. కొన్నేళ్ళు మేనత్త దగ్గర ఉండి, 1950లో ఇజ్రాయెల్ చేరి, అక్కడి సైన్యంలో పనిచేసింది. 1960లో పెళ్ళి అయి టెర్ హోట్ వచ్చింది. ఆ ఊరే ఎందుకు? భర్త మిక్కీ లాట్వియాలోని రీగా నగరంవాడు, ఆయనా నాజీల చెర దాటి వచ్చినవాడే. యుద్ధాంతంలో ఆయనను ఆదుకొన్న అమెరికను సైనికాధికారి స్వస్థలం టెర్ హోట్. ఆ ఒక్క మనిషి మంచితనం పట్టుకొని ఆయన ఆ ఊరు వచ్చి, మందుల షాపు పని నేర్చి, స్థిరపడ్డాడు. ఊళ్ళు మనుష్యులను పిలవటం ఇలాగే జరుగుతుంది. మన తాతలు బరంపురానికో, హోసూరుకో, షోలాపూరుకో వచ్చిన కథలు తవ్వి చూస్తే, అడుగున ఇలాంటి మనిషి ఒకడు కనబడతాడు.

మొదట్లో ఊరు ఆవిడను ఎరగదు. అక్కడ అక్టోబరు 31 రాత్రి పిల్లలు వేషాలు వేసుకొని ఇళ్ళ తలుపులు తట్టి అల్లరిచేసే ఆచారమున్నది. మనవైపు భోగి ముందు రాత్రి కుర్రకారు ఇళ్ళముందరి దుంగలు ఎత్తుకుపోయినట్లే అనుకోండి, సరదాకు చేసేది. కాని ఈవాకు ఆ తలుపు చప్పుడు పోర్ట్స్‌లో నాజీ కుర్రాళ్ళ చప్పుడే. కేకలువేస్తూ వెంటబడి తరిమేది. తరిమేకొద్దీ పిల్లలకు ఉత్సాహం. ఇంటి మీద స్వస్తికలు కూడా రాశారు. ఏళ్ళ తరబడి ఇదే వరస. పిచ్చిది అనుకొన్నారు. 1978లో యూదుల సంహారం గురించి ఒక ధారావాహిక టెలివిజనులో వచ్చింది. ఊరంతా చూచింది. అప్పుడు తెలిసింది ఆ ఇల్లాలు ఎందుకు తరిమిందో. అప్పటినుంచి అడిగినవాళ్ళకు ఆవిడ చెప్పటం మొదలుపెట్టింది.

తనవంటి కవలలను వెతికే పని 1984లో ఎత్తుకొన్నది. చెల్లెలు ఇజ్రాయెల్‌లో, తాను ఇండియానాలో ఉండి, ఇద్దరూ కలిసి పది దేశాలలో 122 మందిని కనుగొన్నారు. మిరియం మూత్రపిండాలు పదేళ్ళ పిల్ల మూత్రపిండాల మేరకే పెరిగి ఆగిపోయాయి. 1987లో ఈవా తన మూత్రపిండం ఒకటి ఇచ్చింది. అయినా 1993లో మిరియం చనిపోయింది. చిన్ననాడు చెల్లెలిమీద ఏ మందు ప్రయోగించారో తెలిస్తే వైద్యానికి పనికివస్తుందని ఈవా ఎంతో వెతికింది. ఆ కాగితాలు దొరకనే లేదు.

ఆ ఏడే ఆవిడ జర్మనీ వెళ్ళి, ఆష్విట్జ్‌లో పనిచేసిన హాన్స్ మ్యూన్‌ఖ్ అనే డాక్టరును కలిసింది. 1947 విచారణలో నిర్దోషిగా విడుదలైనవాడు. ఆష్విట్జ్‌లో విషవాయువు గదులుండటం నిజమని సాక్ష్యపత్రం వ్రాసియిస్తావా అంటే ఇస్తానన్నాడు. ఇందుకు బదులు ఆయనకు ఏమివ్వాలా అని నెలల తరబడి ఆలోచించి, క్షమాపత్రం వ్రాయాలని నిశ్చయించుకొన్నది. ఉత్తరంలో ఇంగ్లీషు తప్పులు దిద్దిపెట్టిన పూర్వపు అధ్యాపకురాలు, మరి మెంగెలెనో అని అడిగింది. ఆ ప్రశ్న ఆవిడను పట్టుకొన్నది. 1995 జనవరి 27న, విముక్తికి 50 ఏళ్ళు నిండిన నాడు, ఆష్విట్జ్ శిథిలాల దగ్గర మ్యూన్‌ఖ్ తన పత్రం మీద సంతకం చేశాడు; ఈవా తన క్షమాపత్రం మీద చేసింది, నాజీలందరినీ క్షమిస్తున్నానని.

ఇది చాలామందికి మింగుడుపడలేదు. తోటి కవలలలోనే ఎందరో కోపగించారు. చనిపోయినవాళ్ళ తరపున క్షమించే హక్కు ఎవరిచ్చారని అడిగారు. 2015లో జర్మనీలో గ్రోనింగ్ అనే పాత ఆష్విట్జ్ ఉద్యోగి విచారణలో సాక్ష్యం చెప్పటానికి వెళ్ళి, ఆయనతో చెయ్యి కలిపినప్పుడు, తక్కిన ఫిర్యాదీలు బహిరంగంగా కాదన్నారు. ఆవిడ సమాధానం ఒక్కటే: నేను నా పేరనే క్షమిస్తున్నాను, ఇంకెవరి పేరనా కాదు, క్షమించటం మరచిపోవటం కాదు, ఇన్నాళ్ళూ మోసిన బరువు దించుకోవటం.

రెండు పక్షాలూ వింటే ఎవరిది తప్పనటానికి నోరు రాదు. క్షమించనని పట్టుబట్టినవాళ్ళ పట్టుదలలో కూడా పోయినవాళ్ళ మీది ప్రేమే ఉన్నది. అయితే టెర్ హోట్‌లో ఆవిడ చేసిన పని చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. క్షమించిన మనిషి నోరు మూసుకోలేదు. 1995లో మ్యూజియం తెరిచింది. 2003 నవంబరు 18న ఎవరో దానికి నిప్పుపెట్టారు. గోడమీద తిమోతీ మెక్‌వే పేరు తలచుకొనే మాటలు వ్రాసిపోయారు. ఓక్లహోమా నగరంలో బాంబుపెట్టి 168 మందిని చంపినందుకు 2001లో ఈ ఊరి జైలులోనే మరణశిక్ష పొందినవాడు మెక్‌వే. దాచిన వస్తువులు చాలావరకు కాలిపోయాయి. అప్పటికి ఆవిడకు 69 ఏళ్ళు. మళ్ళీ కడతానన్నది. ఒకనాడు ఆవిడ తలుపు తట్టి నవ్విన ఊరే ఈసారి చందాలు వేసుకొన్నది. 2005లో మ్యూజియం తిరిగి తెరిచారు. 2007లో ఇండియానా శాసనసభ ఉన్నత పాఠశాలల్లో ఈ చరిత్ర చెప్పితీరాలని చట్టం చేసింది. దాని వెనుక ఆవిడ తిరుగుడు ఎంతో ఉన్నది.

పొట్టి మనిషి. ఎప్పుడూ నీలంరంగు దుస్తులే. బడిపిల్లలు వస్తే నిలబడి గంటల తరబడి చెప్పేది. తల్లిదండ్రులు తిట్టారనీ, తోటివాళ్ళు వెలివేశారనీ లోలోపల కుమిలే పిల్లలు ఆ మాటలు విని ఉత్తరాలు వ్రాసేవారు. ఆవిడ వాళ్ళకు చెప్పింది పెద్ద వేదాంతమేమీ కాదు: నీవు బ్రతికే ఉన్నావు గనుక ఏదో ఒకటి చేయగలవు, చేతులు ముడుచుకోకు.

ఏటేటా కొందరిని వెంటబెట్టుకొని ఆష్విట్జ్ తీసుకొనిపోయేది. 2019లోనూ అలాగే వెళ్ళి, జూలై 4 ఉదయం పోలెండులోని క్రాకోవ్ నగరంలో 85వ ఏట కన్నుమూసింది. ఇండియానాపొలిస్ నడిబొడ్డున ఒక భవనం గోడమీద ఇప్పుడు ఆవిడ నిలువెత్తు చిత్రం ఉన్నది. భర్త మిక్కీ 2021లో పోయాడు.

మ్యూజియంలో ఒక ఏర్పాటు ఉన్నది. బ్రతికున్న రోజుల్లో ఆవిడను కూర్చోబెట్టి వందలకొద్దీ ప్రశ్నలు అడిగి సమాధానాలు చిత్రీకరించి ఉంచారు. ఇప్పుడు పిల్లవాడు మైకు ముందు నిలబడి ఏదన్నా అడిగితే, తెరమీది ఈవా అందుకు తగిన జవాబు చెబుతుంది. యంత్రమే అయినా, ముసలావిడ ఎదురుగా కూర్చొని మాట్లాడినట్లే ఉంటుంది.

ఆవిడ బాధతో మన ఇళ్ళ కథలను పోల్చటం తగదు. అంతటిది మనకు రాలేదు. అయినా ఒకటి అడగవచ్చు. పరాయి ఊళ్ళకు వచ్చి స్థిరపడిన మన కుటుంబాలలో, ఎందుకు వచ్చాం, ఏం పోగొట్టుకొని వచ్చాం, ఎవరు చెయ్యి ఇచ్చారు అని చెప్పగలవాళ్ళు ఇప్పుడు 80లలో ఉన్నారు. మామ్మ ఒక్కొక్కప్పుడు ఊరికే కసురుకొంటుంది, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతుంది. మనం నవ్వుకొని ఊరుకొంటాం. టెర్ హోట్‌వాళ్ళు ఆవిడను అడగటానికి 18 ఏళ్ళు పట్టింది. మనం ఈ సాయంకాలమే ఆ మామ్మ పక్కన పీట వేసుకొని కూర్చోవచ్చు.