అర్థానికీ అర్ధానికీ మధ్య ఒక పిక్సెల్

మానిటర్ కొంటున్నానని ఎవరితోనైనా అని చూడండి. మొదటి ప్రశ్న "ఎన్ని ఇంచులు?", రెండోది "ఎన్ని హెర్ట్‌జ్?", మూడోది "ఏ సేల్‌లో?". అక్షరాలు ఎలా కనిపిస్తాయి అని అడిగిన మనిషి నాకింతవరకూ తగల్లేదు. రోజుకి తొమ్మిది పది గంటలు అక్షరాలు చూసి బతికే జాతి మనది. కోడ్ అక్షరాలే, మెయిళ్ళు అక్షరాలే, రాత్రి పదకొండింటికి వచ్చే ప్రొడక్షన్ లాగ్ కూడా అక్షరాలే. అయినా మానిటర్ దగ్గరికొచ్చేసరికి ఇంట్లో సినిమా హాలు కట్టుకుంటున్నట్టే ఆలోచిస్తాం.

నా గొడవ ఇంకాస్త వేరు. ఆఫీసు పనయ్యాక తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పేజీలు దిద్దుతుంటాను. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: కాపీరైటు తీరిపోయిన పుస్తకాన్ని స్కాన్ చేసి పెడతారు. ఓసీఆర్ దాన్ని చదివి అక్షరాలుగా మారుస్తుంది. అది ఎలా మారుస్తుందో మీకు చెప్పక్కర్లేదు కదా! ఒకపక్క స్కాన్ బొమ్మ, ఇంకోపక్క ఆ మార్చిన పాఠం పెట్టుకుని, లైను లైను పోల్చుకుంటూ మనం సరిచెయ్యాలి. ఒకరు దిద్దితే పేజీకి పసుపు రంగు పడుతుంది. రెండో మనిషి సరిచూస్తే ఆకుపచ్చ. ఆకుపచ్చ పడ్డాక ఇక దాని మొహం చూసేవాళ్ళు అరుదు. అప్పటికి ఏ తప్పు మిగిలితే అదే ఆ పుస్తకంలో ఉండిపోతుంది, అక్కణ్ణుంచి ఇంకెన్ని చోట్లకి కాపీ అవుతుందో దేవుడికెరుక.

ఈ పనిలో పడ్డాకే మానిటర్ అంటే ఏంటో నాకు తెలిసొచ్చింది.

ద, ధ, థ చూడండి. ద కింద చిన్న గీత తగిలిస్తే ధ. ధ పొట్టలో చుక్క పెడితే థ. ప, ఫ మధ్యా, డ, ఢ మధ్యా అంతే, కింద ఒక గీత. ఇంగ్లీషులో డి, టి అన్న అక్షరాలకి మొత్తం ఆకారమే వేరు, ఎంత చెత్త తెర మీదైనా తేడా తెలిసిపోతుంది. మనకలా కాదు, అక్షరం మొత్తం ఒకటే, తేడా అంతా ఆ చుక్కలో ఉంటుంది. ఇప్పుడు ఆ చుక్కని ఇంకా చిన్నది చేద్దాం. "అర్థం" అన్న మాటలో థ ఒత్తుగా కిందికెళ్ళి సగం సైజుకి కుదించుకుపోతుంది. ఆ చిన్న ఒత్తు పొట్టలో చుక్క ఉంటే మీనింగు, లేకపోతే సగం. అర్థశాస్త్రం కాస్తా అర్ధశాస్త్రం అయిపోతే కౌటిల్యుడు సగం రాసి వదిలేశాడనుకోవాలి.

లెక్క వేద్దాం, ఇంజినీర్లం కదా. బ్రౌజర్‌లో మామూలు అక్షరం సైజు 16 పిక్సెళ్ళు. అందులో తెలుగు అక్షరం ఒంటికి దక్కేది, ఫాంటుని బట్టి, ఎనిమిదో తొమ్మిదో. కింద ఒత్తుకి ఇంకా తక్కువ. ఆ ఒత్తు లోపలి చుక్కకి మిగిలేది ఒక పిక్సెల్, అదీ చుట్టూ ఉన్న గీతల్తో కలిసిపోయి బూడిదరంగు మచ్చగా. 24 ఇంచుల 1080పి మానిటర్ మీద రోజూ జరిగేది ఇదే.

అందుకే ఇంచులు పక్కనబెట్టి అడగాల్సింది పీపీఐ, అంటే ఒక ఇంచు పొడవులో ఎన్ని పిక్సెళ్ళున్నాయని. 24 ఇంచుల 1080పి అయితే 92. అదే 1080పిని 27 ఇంచులకి సాగదీస్తే 82కి పడిపోతుంది. పెద్దది కొన్నామని సంతోషమేగానీ అక్షరం మాత్రం ఇంకా మోటుగా తయారవుతుంది. 27 ఇంచుల 1440పి అయితే 109. 27 ఇంచుల 4కె అయితే 163. 32 ఇంచుల 4కె 138. అన్నట్టు 32 ఇంచుల 1440పి కూడా సరిగ్గా 92 దగ్గరే ఆగుతుంది, అంటే డబ్బులు పెరిగాయి, బల్ల నిండింది, అక్షరం అక్కడే ఉంది. ఇక ఆఫీసు వాళ్ళిచ్చే 14 ఇంచుల లాప్‌టాప్ మామూలు 1080పిదైనా దానికి 157 ఉంటుంది. పెద్ద మానిటర్ పెట్టుకున్నాక కూడా "ఎందుకో లాప్‌టాప్‌లోనే బాగా కనిపిస్తోందిరా" అనేవాళ్ళు ఊరికే అనడం లేదన్నమాట. చేతిలో ఫోన్‌కైతే 400 అటూ ఇటూ ఉంటుంది. వాట్సాప్‌లో గుడ్‌మార్నింగ్ మెసేజీ చదవడానికి 400, ఉద్యోగం చెయ్యడానికి 92! ఐబీఎం వాళ్ళు 2001లోనే 22 ఇంచుల తెర మీద 3840 బై 2400 పిక్సెళ్ళు పెట్టి 204 పీపీఐ మానిటర్ అమ్మారు. అది మామూలు జనం కొనే వస్తువు కాదనుకోండి. కానీ ఇన్నేళ్ళయినా మన క్యూబికల్సులో 92 కదల్లేదు.

ఇంకో సంగతి ఉంది, ఇది తెలుగువాళ్ళకి ప్రత్యేకం. ఎల్‌సీడీ తెరలో ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చారలు మూడు పక్కపక్కన ఉంటాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ళ క్లియర్‌టైప్ చేసే పనల్లా ఆ మూడింటినీ విడివిడిగా వాడుకుని అడ్డంగా మూడు రెట్లు స్పష్టత తెప్పించడం. తెలివైన పనే. ఇంగ్లీషు అక్షరాలకి అతికినట్టు సరిపోయింది, ఎందుకంటే ఎల్, ఐ, హెచ్, ఎమ్ అన్నీ నిలువు గీతలే, అవి ఎక్కడున్నాయో అడ్డంగా కచ్చితంగా తెలిస్తే చాలు. మన అక్షరాలు గుండ్రాలు, పైగా నిలువుగా పేర్చుకునే రకం. పైన గుడి, మధ్యన హల్లు, కింద ఒత్తు, దాని పక్కన ఇంకో ఒత్తు. "స్వాతంత్ర్యం" రాసి చూడండి. మనకి కావలసిన స్పష్టత నిలువు దిశలో, క్లియర్‌టైప్ ఇచ్చింది అడ్డదిశలో. పైగా పాత విండోస్ పద్ధతిలో నిలువు దిశలో అక్షరాన్ని నునుపు చెయ్యడమే లేదు. 2009లో విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్‌లో అది ఉంది. ఎక్స్‌పీ రోజుల్లో తెలుగు చదివిన సీనియర్లు గౌతమి ఫాంటుని ఇప్పటికీ తిట్టుకుంటారు. పాపం గౌతమి మీద సగం నిందే వెయ్యాలని నా అభిప్రాయం, మిగతా సగం దాన్ని చూపించిన పద్ధతిది.

ఈ లోటు సాఫ్ట్‌వేర్ ట్రిక్కులతో తీరదు. పిక్సెళ్ళు పెరగాల్సిందే, అవి నిలువునా అడ్డంగా రెండువైపులా పెరుగుతాయి గనక.

"జూమ్ చేసుకుంటే పోలే?" అంటారు. మా టీమ్‌లో ఒకతను అన్నాడు కూడా. పోదు. ఒకపక్క స్కాను, ఇంకోపక్క పాఠం, రెండూ కనబడుతూ ఉంటేనే దిద్దుబాటు సాగేది. జూమ్ పెంచితే రెండువైపులా నాలుగేసి లైన్లు మిగులుతాయి. ఇటు స్క్రోల్ చేసి, అటు స్క్రోల్ చేసి, ఏ లైన్లో ఉన్నామో వెతుక్కునే లోపు పట్టు పోతుంది. కావలసింది అక్షరం పెద్దది కావడం కాదు, అదే సైజులో అక్షరం లోపల ఎక్కువ పిక్సెళ్ళు ఉండటం. 27 ఇంచుల 4కె పెట్టి విండోస్‌లో స్కేలింగ్ 150 శాతం చేస్తే జరిగేది అదే. అక్షరం చదివే సైజులోనే ఉంటుంది, దాన్ని గీయడానికి మాత్రం 92 పీపీఐ తెరతో పోలిస్తే రెండు రెట్లకి పైగా పిక్సెళ్ళు దొరుకుతాయి.

కొనే ముందు సికిందరాబాద్ సీటీసీకి వెళ్ళి చూశాను. ఆన్‌లైన్ రివ్యూల్లో తెలుగు అక్షరం చూపించే మహానుభావుడు ఎవడూ లేడు మరి. వెళ్ళేటప్పుడు ఒక పరీక్ష పేజీ తయారుచేసి నాకు నేనే మెయిల్ పెట్టుకున్నా. పద్ధతి, సామర్థ్యం, రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం, పాత పుస్తకాల కోసం వాఁడు (ఆ అరసున్న నిండు సున్నలా కనబడకూడదు). షాపతను నెమళ్ళు, జలపాతాలు ఉన్న డెమో వీడియో పెట్టి "కలర్స్ చూడండి సార్" అంటున్నాడు. అతన్ని ఆపించి, రిజల్యూషన్ దాని అసలు రిజల్యూషనేనని చూసుకుని, నా పేజీ తెరిచా. "తెలుగు తెరవమన్నవాళ్ళు మీరే ఫస్టు సార్" అని నవ్వాడు.

ఈ పరీక్షలో ఒక కిటుకు ఉంది. మామూలు మాటలతో పెడితే మెదడు మోసం చేస్తుంది. "పద్దతి" అని ఉన్నా మనకి పద్ధతి అనే కనబడుతుంది, మాట ముందే తెలుసు కాబట్టి. దిద్దేవాళ్ళ అసలు శత్రువు ఇదే. అందుకని పేజీ చివర అర్థం లేని వరసలు పెట్టుకున్నా: ర్ధ ర్థ ర్థ ర్ధ, ద్ద ద్ధ ద్ధ ద్ద, ఇలాగ. పక్కన నిలబడ్డ స్నేహితుణ్ణి చెయ్యి చాచినంత దూరం నుంచి చదవమన్నాను. 1080పి ముందు వాడు ఊహిస్తూ చదివాడు. 1440పి మీద కొన్ని పట్టుకున్నాడు, ముందుకి వంగి. 4కె మీద కుర్చీలో వెనక్కి వాలి గడగడా చదివేశాడు. ఇంతకంటే నాకు రివ్యూ అక్కర్లేదనిపించింది.

ధర సంగతంటారా, 27 ఇంచుల 1080పితో పోలిస్తే నేను తీసుకున్న 4కె రెట్టింపు పైనే పడింది. నిజమే, ఎక్కువే. కానీ మనలో చాలామంది రెండేళ్ళకోసారి మార్చేసే ఫోన్ కంటే తక్కువ, మానిటరేమో ఏడెనిమిదేళ్ళు కదలదు.

కొన్ని జాగ్రత్తలు చెప్తా, ఇవి షాపులో ఎవరూ చెప్పరు. గేమింగ్ కోసం వచ్చే ఓఎల్‌ఈడీల జోలికి అక్షరాల పని కోసం తొందరపడి వెళ్ళొద్దు. చాలావాటిలో మూడు రంగులూ మామూలు చారల్లా వరసగా ఉండవు, కొన్నిటిలో త్రికోణంలా ఉంటాయి, కొన్నిటిలో తెలుపు కూడా కలుస్తుంది. దాంతో అక్షరాల అంచుల్లో రంగులు తేలతాయి. సినిమాలకి బంగారంలా ఉంటాయనుకోండి. ఆఫీసులో మ్యాక్ వాడేవాళ్ళకి ఇంకో చిక్కు: 2018లో వచ్చిన మొహావీ నుంచి ఆపిల్ వాళ్ళు ఆ మూడు చారల పద్ధతి తీసేశారు, కాబట్టి తక్కువ పీపీఐ మానిటర్‌కి మ్యాక్ తగిలిస్తే విండోస్‌లో కంటే మసకగా ఉంటుంది. వాళ్ళకి 4కె ఇంకా అవసరం. ఇక కేబుల్. 4కె మానిటర్ కొని, ఇంట్లో మూల పడున్న పాత హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పోర్టు లాప్‌టాప్‌కి తగిలిస్తే సెకనుకి 30 ఫ్రేములే వస్తాయి, మౌస్ జిగురులో ఈదుతున్నట్టుంటుంది. 60 కావాలంటే హెచ్‌డీఎమ్‌ఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఉండాలి. టీవీని మానిటర్‌గా వాడదామనుకునే పొదుపరులు ముందు ఎర్రటి సన్న అక్షరాలు నల్లటి తెర మీద పెట్టి చూడండి. రంగు సమాచారాన్ని సగానికి కోసి పంపే సెట్టింగులో ఉంటే అక్షరం అలికినట్టుంటుంది.

ఇదంతా నా ఒక్కడి కోసమైతే ఇంత తిరిగేవాణ్ణి కాదేమో. అమ్మ ఇరవయ్యేళ్ళు ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పింది. నేను దిద్దిన పేజీలు తను సరిచూస్తానని కూచునేది, పది నిమిషాలకే కళ్ళు నలుపుకుంటూ లేచిపోయేది. "నా కళ్ళు పాడైపోయాయిరా, నా వల్ల కాదు" అని ఒక నిర్ణయానికి వచ్చేసింది. అదే మనిషి రాత్రిళ్ళు పాత పుస్తకంలో చీమతలకాయలంత అక్షరాలు దీపం వెలుగులో చదువుతుంది! మరి పాడైంది కళ్ళో, తెరో?

పూర్తిగా తెర తప్పే అంటే అబద్ధమవుతుంది. తనది బైఫోకల్ అద్దం, దగ్గర చూసే భాగం కింద ఉంటుంది. మానిటర్ ఎత్తుగా పెడితే గడ్డం పైకెత్తి చూడాల్సొస్తుంది, అరగంటలో మెడ పట్టేస్తుంది. స్టాండు బాగా కిందికి దించాం. కళ్ళ డాక్టరుకి తెర ఎంత దూరంలో ఉంటుందో కొలిచి చెప్తే, ఆ దూరానికే వేరే అద్దాలు రాసిచ్చారు. ఇవి చెయ్యకుండా ఎంత పీపీఐ పెట్టినా లాభం లేకపోను.

ఇప్పుడు అమ్మ రోజూ సాయంత్రం రెండు మూడు పేజీలు ఆకుపచ్చ చేస్తోంది. కొత్త గొడవ ఒకటి మొదలైంది. మొన్న ఒక పేజీలో "పద్దతి" అని ఉంది. స్కాన్ పెద్దది చేసి చూస్తే అచ్చులోనే గీత లేదు, అంటే ఓసీఆర్ పాపం కాదు, ఏనాడో కంపోజ్ చేసినాయనది. అచ్చులో ఉన్నది ఉన్నట్టే ఉంచాలి అంటాను నేను. "తప్పని కళ్ళకి కనిపిస్తోంటే వదిలేస్తారా ఎవరైనా?" అంటుంది తను. ఆ పేజీ ఇంకా పసుపులోనే ఉంది.