సెకనుకు నూరుసార్లు ఆరే మంట

పిల్లలూ! హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే పెద్దరోడ్డు మీద సూర్యాపేట ఉన్నది. మరి 45 కిలోమీటర్లు పోతే కోదాడ వస్తుంది. రెండు ఊళ్ళలోనూ రోడ్డు పక్కన లారీలకూ ట్రాక్టర్లకూ అతుకులు వేసే వెల్డింగు షాపులున్నాయి. అక్కడ కళ్ళు చెదిరే నీలి వెలుగు వస్తుంది. (దానికేసి చూడకండి! రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది.) కరెంటు తీగె విడిచి గాలిలోంచి దాటితే వచ్చే వెలుగు అది. దానిని ఆర్కు అంటారు. ఇనుము 1,538 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆర్కులో వేడి సుమారు 6,000 డిగ్రీలు!

ఇందులో ఒక చిత్రమున్నది. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఉయ్యాలలాగా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దిశ మారినప్పుడల్లా అది ఒక్క క్షణం సున్న అవుతుంది. కనుక ట్రాన్స్‌ఫార్మరు పెట్టెతో చేసే వెల్డింగులో ఆర్కు సెకనుకు 100 సార్లు ఆరిపోతున్నదన్నమాట! అయినా గాలి చల్లారేలోగా వోల్టేజి పెరిగి, దానిని తిరిగి రగిలిస్తుంది. ఇది తేలికగా జరగాలనే రాడ్డు పైపూతలో పొటాషియం లవణాలు కలుపుతారు.

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు పోతే, సాగర్ ఎడమ కాలువ కింద వరిచేలు, ఆపైన బియ్యం మిల్లులు. వీటికి కరెంటు పంపే సబ్‌స్టేషన్లలో అవసరం సరిగ్గా తలకిందులు: అక్కడ ఆరిన ఆర్కు మళ్ళీ అంటుకోకూడదు. తీగె మీద కొమ్మ పడితే బ్రేకరు విడిపోతుంది. విడిపోయే లోహపు ముక్కల మధ్య ఆర్కు పుట్టి తీరుతుంది. దానిని బలవంతాన తెంచనక్కరలేదు. కరెంటు దానంతటదే సున్న అవుతుంది గదా! అందుకని ఆ ముక్కలను గాలి తీసేసిన బుడ్డిలో పెడతారు. అక్కడ రగలటానికి లోహపు ఆవిరి తప్ప ఏమీ ఉండదు, అదీ రెప్పపాటులో చెదిరిపోతుంది.

అయితే బ్రేకరుకు తెలియకుండా బతికే ఆర్కు ఒకటున్నది. గాలివానకు 11,000 వోల్టుల తీగె తెగి ఎండునేల మీదనో, తారురోడ్డు మీదనో పడుతుంది. అలాంటి నేలలోకి పోయే కరెంటు బహు స్వల్పం. ఏవో నాలుగు మోటార్లు నడుస్తున్నట్టే ఉంటుంది గనుక బ్రేకరు విడిపోకపోవచ్చు. తీగె చివర ఆర్కు ఆరుతూ, వెలుగుతూ చిటపటలాడుతుంది. ఒక్కొక్కప్పుడు అదీ వినిపించదు. చూపుకు చచ్చిన పాములా ఉండే ఆ తీగె మనుషులనూ, గేదెలనూ పొట్టన పెట్టుకుంటుంది. అది కంటబడితే దూరంగానే ఆగి, మరెవరినీ అటు పోనివ్వక, పెద్దలచేత 1912 నంబరుకు ఫోను చేయించండి. లైన్‌మన్ అంతటివాడు కూడా సబ్‌స్టేషనులో లైను ఆపించి, తీగెను భూమికి కలిపిన తరువాతనే దానిమీద చెయ్యి వేస్తాడు.