కంపెనీ పోయినా జట్టు నిలిచింది

జపాన్ దేశంలో యోకోహామా అనే రేవు పట్టణం ఉంది. మన ముంబయి మాదిరే ఓడలు, గోదాములు, ఫ్యాక్టరీలు. ఆ ఊళ్ళో యోకోహామా ఎఫ్‌సి అని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. అక్కడి పై లీగ్‌లో అది ఒక్కసారి కూడా మొదటి స్థానంలో నిలవలేదు. పైకి ఎక్కుతుంది, మళ్ళీ కిందికి జారుతుంది. అయినా ఆ క్లబ్బు కథ మన పత్రికకు రాయాలనిపించింది. ఎందుకంటే అది కంపెనీ వాళ్ళు మూసేసిన జట్టులోంచి పుట్టింది. మూసెయ్యడం అంటే ఏందో మన ఇళ్ళల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

నేను మున్సిపల్ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివిన. ఆ తర్వాత మిల్లే నా బడి. ఫుట్‌బాల్ సంగతులు నాకు మా మనవడు చెప్పినవే. వాడు రాత్రిళ్ళు ఫోన్‌లో ఏ దేశం ఆటైనా చూస్తాడు. ఒకరోజు ఈ యోకోహామా సంగతి చెప్తూ, "తాతా, టీమ్ అంటే కంపెనీదా, ఊరోళ్ళదా?" అని అడిగిండు. నాకు వెంటనే జవాబు తోచలేదు. వాడితో మళ్ళీ మళ్ళీ చెప్పించుకొని, పేర్లు, సాలు తారీఖులు కాగితం మీద రాసుకొని ఇది రాస్తున్నాను.

జపాన్‌లో ఒకప్పుడు పెద్ద ఫుట్‌బాల్ జట్లన్నీ కంపెనీలవే. నిస్సాన్ కార్ల కంపెనీకి ఒక జట్టు, మిత్సుబిషికి ఒకటి, మాజ్దాకు ఒకటి. ఆడేవాళ్ళలో చాలామంది ఆ కంపెనీలోనే కొలువు చేసేవాళ్ళు. మన మిల్లుల్లో కబడ్డీ జట్లు ఉన్నట్టే. 1993లో అక్కడ జె లీగ్ మొదలైంది. పది జట్లతో, జీతానికి ఆడే లీగ్. అప్పుడు లీగ్ పెద్దలు ఒక నియమం పెట్టారు: జట్టు పేరులో కంపెనీ పేరు ఉండొద్దు, ఊరి పేరు ఉండాలి. పైసలు కంపెనీ పెట్టొచ్చు గాని, జట్టు మాత్రం ఊరిది అని జనం అనుకోవాలి.

ఆ పది జట్లలో ఒకటి యోకోహామా ఫ్లూగెల్స్. ఫ్లూగెల్ అంటే జర్మన్ భాషలో రెక్క. దాని వెనక ఉన్నది విమానాల కంపెనీ కాబట్టి ఆ పేరు. ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ అనే ఆ విమానాల కంపెనీ, సాతో కోగ్యో అనే కట్టడాల కంపెనీ కలిసి ఆ జట్టును నడిపాయి. అదే ఊళ్ళో నిస్సాన్ వాళ్ళ జట్టు ఇంకొకటి, యోకోహామా మారినోస్. ఒకే ఊళ్ళో రెండు జట్లు అంటే తెలిసిందే గదా, ఒక చాల్‌కూ ఎదురు చాల్‌కూ ఉన్నంత పోటీ. 1993లో ఫ్లూగెల్స్ చక్రవర్తి కప్పు గెలిచింది. అది జపాన్‌లో చిన్నా పెద్దా జట్లన్నీ ఆడే పాత పోటీ. తర్వాత ఆసియా స్థాయిలో కూడా ఒక కప్పు తెచ్చింది.

1998 నాటికి జపాన్‌లో వ్యాపారాలు దెబ్బతిన్నాయి. కట్టడాల కంపెనీ ఇక మావల్ల కాదని తప్పుకుంది. ఒక్కళ్ళమే మొయ్యలేమని విమానాల వాళ్ళన్నారు. ఆ ఏడాది అక్టోబర్ 29న బయటికి చెప్పేశారు: ఫ్లూగెల్స్‌ను మారినోస్‌లో కలిపేస్తున్నాం. అది ఆటగాళ్ళను అడిగి తీసుకున్న నిర్ణయం కాదు. టికెట్టు కొని గొంతు పోయేలా అరిచిన జనాన్నీ అడగలేదు. కలిపిన జట్టుకు యోకోహామా ఎఫ్. మారినోస్ అని పేరు పెట్టారు. ఆ ఎఫ్ అనే అక్షరం ఫ్లూగెల్స్ గుర్తుకట. ఒక జట్టు మొత్తానికి ఒక్క అక్షరం మిగిలింది.

జనం ఊరుకోలేదు. వీధుల్లో నిలబడి సంతకాలు సేకరించారు. కంపెనీ వాళ్ళను కలిసి మొరపెట్టుకున్నారు. ఆటగాళ్ళు కూడా వాళ్ళ పక్కనే నిలబడ్డారు. అయినా నిర్ణయం మారలేదు.

అప్పటికి చక్రవర్తి కప్పు పోటీలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ పోటీలో ఒక్కసారి ఓడితే ఇంటికే. ఫ్లూగెల్స్ వాళ్ళకు ఆ ఇల్లు కూడా లేదు. ఓడిన రోజే ఆ జట్టుకు ఆఖరి రోజు. ప్రతి ఆటకూ అదే లెక్క. గెర్ట్ ఎంగెల్స్ అనే జర్మన్ కోచ్ వాళ్ళను నడిపించాడు. ఒక్కొక్క ఆటే గెలుచుకుంటూ వచ్చారు. జూబిలో ఇవాతా, కషిమా ఆంట్లర్స్ అప్పట్లో జపాన్‌లో అందరికన్నా గట్టి జట్లు. క్వార్టర్ ఫైనల్‌లో ఇవాతాను, సెమీఫైనల్‌లో కషిమాను ఓడించారు.

ఫైనల్ 1999 జనవరి 1న, టోక్యో నేషనల్ స్టేడియంలో. ఎదురు జట్టు షిమిజు ఎస్-పల్స్. మొదటి గోలు షిమిజు వాళ్ళదే. సగం ఆట అయ్యే వేళకు కుబొయామా గోలు కొట్టి సమం చేశాడు. రెండో సగంలో యోషిదా తకాయుకి ఇంకొకటి కొట్టాడు. 2-1తో ఫ్లూగెల్స్ గెలిచింది. కప్పు ఎత్తుకున్నారు, ఏడ్చారు, అంతటితో ఆ జట్టు లేకుండా పోయింది. గెలిచిన రోజే మూతపడ్డ జట్టు అది. ఆ రోజు గోలు కొట్టిన యోషిదా తర్వాత కోచ్ అయ్యి, విస్సెల్ కోబే అనే జట్టుకు 2023లో, 2024లో లీగ్ కప్పు తెచ్చిపెట్టాడు.

మా మనవడు ఇది చెప్తుంటే నాకు మా మిల్లు జట్టు కళ్ళముందుకొచ్చింది. 1982 జనవరి 18న ముంబయి మిల్లుల సమ్మె మొదలైన నాటికి నేను సాంచా ఖాతాలో బదిలీ కూలీని. ఇరవై మూడేళ్ళ వయసు. మా మిల్లుకు కబడ్డీ జట్టు ఉండేది. కూతకు పోతే ఇద్దర్నో ముగ్గుర్నో తాకి వచ్చే మొనగాడు ఉంటే జాబర్ కూడా వాడితో మర్యాదగా మాట్లాడేవాడు. రాత్రి పాళీ దిగి వచ్చి నిద్రపోకుండా ఆడినవాళ్ళను నేను చూసిన. రెండేళ్ళు నేను కూడా ఆడిన. జట్టులో తెలుగోళ్ళం నలుగురం, మిగతావాళ్ళు కొంకణ్ వాళ్ళు, ఘాట్ మీది వాళ్ళు. కూత వేసేటప్పుడు భాష ఎవరికి కావాలి?

సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కూర్చున్నారు. ఏడాదైంది, ఏడాదిన్నరైంది, సమ్మె ఎప్పుడు ముగిసిందో ఎవ్వరూ ప్రకటించలేదు. కొందరిని లోపలికి తీసుకున్నారు, చాలామందిని తీసుకోలేదు. కబడ్డీ జట్టు గురించి ఎవరడుగుతారు? ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనపడుతున్నప్పుడు జట్టు మాట ఎత్తితే నవ్వుతారు. తర్వాత మిల్లు పూర్తిగా మూసినప్పుడు ఆఫీసు అద్దాల బీరువాలోని కప్పులు, షీల్డులు కూడా పాత ఇనుముతో పాటే పోయాయి. మా కెప్టెన్ గేటు దాకా పోయి, "ఒక్క కప్పన్నా ఇయ్యండి, చాల్‌లో పెట్టుకుంటం" అని అడిగిండు. మిల్లు ఆస్తి అన్నారు. నేను భివండీకి పోయి పవర్‌లూమ్ సాంచాల మీద మిగతా నౌకరీ అంతా చేసిన.

మన దేశంలో ఇంకొక బట్టల మిల్లు జట్టు సంగతి కూడా మనవడే చెప్పిండు. పంజాబ్‌లోని ఫగ్వారాలో జెసిటి మిల్లుకు ఫుట్‌బాల్ జట్టు ఉండేది. మన దేశంలో మొట్టమొదటి జాతీయ ఫుట్‌బాల్ లీగ్, 1996-97లో, గెలిచింది అదే. భాయిచుంగ్ భూటియా ఆడిన జట్టు. 2011లో దాన్ని మూసేశారు. అంత పేరున్న జట్టే అట్లా పోయింది.

యోకోహామాలో మాత్రం అట్లా జరగలేదు. ఫ్లూగెల్స్ ఆఖరి ఆట ఇంకా ఆడకముందే, 1998 డిసెంబర్‌లోనే, ఆ జట్టు అభిమానులు కూర్చొని మాట్లాడుకున్నారు. మారినోస్‌కు చప్పట్లు కొట్టడం మావల్ల కాదు, మా జట్టు మేమే పెట్టుకుంటాం అన్నారు. స్పెయిన్‌లో బార్సిలోనా క్లబ్బుకు సభ్యులే యజమానులు. ఆ పద్ధతి చూసి, సభ్యత్వం రుసుము పెట్టి, చందాలు పోగుచేసి కొత్త క్లబ్బు కట్టారు. పాత పేరు వాడుకునే వీలు లేదు. అందుకే ఒట్టి యోకోహామా ఎఫ్‌సి అన్నారు. క్లబ్బు గుర్తులో ఫీనిక్స్ పక్షిని పెట్టుకున్నారు. కాలిపోయి బూడిదలోంచి మళ్ళీ లేస్తుందని చెప్తారే, ఆ పక్షి. జర్మనీకి ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఆడిన పియెర్ లిట్‌బార్స్కి మొదటి కోచ్‌గా వచ్చాడు.

కొత్త జట్టు పై లీగ్‌లో మొదలు కాలేదు. ఇంకా కింద, జెఎఫ్ఎల్ అనే లీగ్‌లో ఆడాల్సి వచ్చింది. 1999లో అక్కడ మొదటి స్థానం. 2000లో మళ్ళీ మొదటి స్థానం. 2001లో జె లీగ్ రెండో అంచెలోకి ఎక్కారు. 2005లో మియురా కజుయోషి వచ్చి చేరాడు. జపాన్‌లో కజు అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. అప్పటికి ఆయనకు 38 ఏళ్ళు, చాలామంది ఆట మానేసే వయసు. 2006లో రెండో అంచెలో మొదటి స్థానం గెలిచి పై లీగ్‌కు ఎక్కారు. ఆ జట్టు కెప్టెన్ యామాగుచి మొతొహిరో. ఫ్లూగెల్స్‌లో ఆడినవాడే. మూతపడిన జట్టు మనిషి ఒకడు మళ్ళీ అదే ఊరి జట్టును పైకి తెచ్చాడు.

పైకి ఎక్కిన తర్వాత నిలవడం కష్టమైంది. 2007లో 34 ఆటల్లో నాలుగే గెలిచారు. అందరికన్నా అడుగున మిగిలారు. ఆఖరి ఆట ఉరావా రెడ్స్ మీద. ఉరావా ఆ ఏడాది ఆసియా కప్పు గెలిచిన పెద్ద జట్టు, ఆ ఆట గెలిస్తే లీగ్ కప్పు వాళ్ళదే. యోకోహామా ఎఫ్‌సికి ఆ ఆటతో వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. కిందికి దిగడం ఎప్పుడో ఖాయమైంది. అయినా 1-0తో ఉరావాను ఓడించారు. కప్పు కషిమాకు పోయింది. ఓడిపోయినవాడికి కూడా ఆఖరి ఆట ఆఖరి ఆటే గదా. నాకు ఈ కథ మొత్తంలో ఎక్కువ నచ్చింది ఈ ఆటే.

మళ్ళీ పైకి రావడానికి వాళ్ళకు పన్నెండేళ్ళు పట్టింది. 2020లో పై లీగ్‌లో ఆడినప్పుడు కజుకు 53 ఏళ్ళు. అంత వయసులో ఆ లీగ్‌లో ఎవరూ ఆడలేదు. ఆ తర్వాత కూడా దిగడం, ఎక్కడం నడుస్తూనే ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే కథ తీపి చేసి చెప్పినట్టవుతుంది. అభిమానులే యజమానులు అన్న పద్ధతి ఎక్కువకాలం నిలవలేదు. సభ్యత్వం గురించి తగువులు వచ్చాయి. పైసలు చాలలేదు. తర్వాత క్యాంటీన్లకు భోజనాలు వండిపెట్టే ఒక కంపెనీ వచ్చి క్లబ్బును చేతిలోకి తీసుకుంది. అంటే మళ్ళీ కంపెనీయే. కాని మొదట జనం పట్టుకుని ఉండకపోతే, ఆ కంపెనీ చేతిలోకి తీసుకోవడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు. మిత్సుజావా మైదానంలో ఫ్లూగెల్స్ ఆడేది, ఇప్పుడు యోకోహామా ఎఫ్‌సి ఆడుతుంది. 1998లో సంతకాలు పట్టిన కుర్రాళ్ళు ఇప్పుడు పిల్లల తండ్రులై ఉంటారు.

ఇది మనకెందుకు అంటారా? మన చాల్ కబడ్డీ మండలి సంగతి మీ అందరికీ తెలుసు. పాత చాళ్ళు కూలగొట్టి టవర్లు కడుతున్నారు. కొందరికి ఇళ్ళు వచ్చాయి, కొందరు అద్దె గదుల్లో ఉన్నారు. మట్టి మైదానం పోతుంది. మొన్నటి మీటింగులో కొందరు, మండలి మూసేసి ఖాతాలో ఉన్న పైసలు తలా ఇంత పంచుకుందాం అన్నారు. వాళ్ళు చెడ్డోళ్ళేం కాదు. ఎవరి ఇబ్బంది వాళ్ళది. కాని పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది? ఒక వారం కూరగాయల పైసలు.

మా మిల్లు జట్టును మూసినప్పుడు అది మిల్లుది, మా చేతుల్లో ఏమీ లేదు. మండలి అట్లా కాదు. రిజిస్టరులో ఉన్నవి మన పేర్లు, మన తండ్రుల పేర్లు. దాన్ని మూసే అధికారం ఉన్నది మనకే, ఉంచే అధికారం కూడా మనకే. నేను నెలకు యాభై రూపాయలు ఇస్తాను. మనవడు సాయంత్రం పిల్లలకు ఆట నేర్పుతానంటున్నాడు. టవర్ల పక్కన మున్సిపల్ బడి మైదానం ఉంది, ఆదివారం పొద్దున ఖాళీగానే ఉంటుంది. అడిగి చూద్దాం. కాదంటే ఇంకోచోట అడుగుదాం.

మనవడు అడిగిన దానికి ఇప్పుడు జవాబు చెప్పగలను. బీరువాలో పెట్టిన కప్పు కంపెనీది. ఆట ఆడేవాళ్ళది, చూసేవాళ్ళది. వచ్చే మీటింగు నెల రెండో ఆదివారం. పేరు ఉన్నవాళ్ళు రండి, పేరు లేనివాళ్ళు కూడా రండి.